అది అట్లుండనీ, బావికాడ ఏమైందంటే

ఆ ఆదివారం నేను చేసిన తప్పు సాయంత్రం ఏడుంబావు అయితే గానీ నాకు తెలిసిరాలేదు. నకిరేకల్ నుంచి బస్సులో వచ్చే చెల్లె లేచి బ్యాగు భుజానికి తగిలించుకుంది. "అన్నా, ఇగ పోత. బస్సు దొరకదు" అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు ఇంకా బాధనిపించింది. అంతకుముందు యాభై నిమిషాల్లో ఆమె డైస్ వేసింది ఒక్కసారే. మిగతా సేపంతా గోడకు ఆనుకుని, పక్కవాళ్ల యుద్ధం వింటూ, మధ్యమధ్య ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

మేం ఆడేది టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్, డంజన్స్ అండ్ డ్రాగన్స్. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తెచ్చారు. ఒకరు గేమ్ మాస్టర్‌గా, అంటే జీఎంగా కూర్చుని కథాలోకాన్నీ శత్రువులనూ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని "నేను ఇప్పుడు ఈ పని చేస్తున్నా" అని చెప్తారు. ఆ పని అవుతుందో కాదో తేలనిచోట ఇరవై ముఖాల డైస్ వేస్తారు. మా ఆట నల్లగొండ రామగిరిలో ఒక దోస్తు ఇంటి మేడ మీద గదిలో నడుస్తుంది. నేను జీఎం. ఆడేవాళ్లు ఐదుగురు: మా బావ, ఫోటో స్టూడియో నడిపే అన్న, డిగ్రీ చదివే తమ్ముడు, బడిలో సైన్సు చెప్పే అక్క, ఈ చెల్లె. ఈ ఐదుగురి పాత్రల గుంపును ఆటలో పార్టీ అంటారు. నల్లగొండలో పార్టీ చీలిందంటే మాట ఇంకో దిక్కుకు పోతుంది కాబట్టి ఇక్కడ జట్టు అనే రాస్తాను.

ఆ రోజు కథ ఒక కొండకోటలో. నేను మనసులో పెట్టుకున్నది దేవరకొండ. పద్నాలుగో శతాబ్దంలో రేచెర్ల పద్మనాయకులు కట్టిన కోట అది. చుట్టూ కొండలు, గోడ మీద గోడ, మెట్ల మీద మెట్లు. చిన్నప్పుడు మా నాయిన తీసుకుపోతే రోజంతా తిరిగినా నాకు తనివి తీరలేదు. ఆటలో ఆ కోట వెనక ఒక దిగుడుబావి పెట్టాను. దాని పక్క అరలో ఒక కమ్మరిని బంధించారు. అతన్ని విడిపించాలి. మావాళ్లు మంచి ఉపాయం పన్నారు. బావ, అన్న, తమ్ముడు ముందు దర్వాజ దగ్గర గొడవ లేపుతారు. కావలివాళ్లంతా అటు ఉరుకుతారు. అక్క, చెల్లె వెనక నుంచి తాడు కట్టుకుని బావిలోకి దిగుతారు. నాకు ముచ్చటేసింది. సరే అన్నాను. దర్వాజ దగ్గర కత్తులు లేవగానే ఆ ముగ్గురితో "ఇనిషియేటివ్ వేయండి" అన్నాను. ఎవరి తర్వాత ఎవరి వంతు అని తేల్చే డైస్ అది. ఆ తర్వాత దర్వాజ యుద్ధం పూర్తయ్యేదాకా బావి దిక్కు చూడలేదు.

ఈ ఆట ఆడేవాళ్లలో ఒక మాట బాగా పాతుకుపోయింది: జట్టును ఎప్పుడూ చీల్చొద్దు. కొత్తగా వచ్చినవాళ్లకు మొదట చెప్పేది ఇదే. నేను ఈ మాటను ఒప్పుకోను. కానీ దాన్ని తేలిగ్గా తోసిపారేయడమూ సరికాదు, ఎందుకంటే దాని వెనక గట్టి లెక్క ఉంది.

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ లెక్కే చూడండి. నలుగురు గాబ్లిన్లు, అంటే ఆటలో వచ్చే పొట్టి రాక్షసులు, ఎదురయ్యారనుకుందాం. మూడో లెవెల్లో, అంటే అనుభవంతో మూడో స్థాయికి చేరిన పాత్రలతో, నలుగురు ఆటగాళ్లు కలిసి ఎదుర్కొంటే ఆ పోరును ఆట రూల్స్ 'సులువు' కింద కడతాయి. అదే నలుగురు గాబ్లిన్లు ఇద్దరికే ఎదురైతే మధ్యలో ఒక మెట్టు దాటేసి 'కష్టం' అవుతుంది. ఒంటరిగా దొరికితే 'ప్రాణాంతకం'. గాబ్లిన్లు మారలేదు, వాళ్ల కత్తులూ మారలేదు. ఆట బయట కూడా ఈ లెక్క ఉంది. ఫ్రెడరిక్ లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు 1916లో యుద్ధబలం మీద ఒక సూత్రం రాశాడు. దూరం నుంచి గురి చూసి కొట్టుకునే పోరులో బలగం సత్తా సంఖ్యతో సమానంగా కాకుండా, సంఖ్య వర్గంతో, అంటే సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేదానితో, పెరుగుతుందని ఆయన తేల్చాడు. నలుగురు ఒక్కచోట ఉంటే బలం పదహారు. ఇద్దరిద్దరుగా చీలితే నాలుగూ నాలుగూ ఎనిమిది. అంటే మనిషి తగ్గకుండానే సగం బలం పోయింది.

ఇంత లెక్క ఉన్నా జట్లు చీలుతూనే ఉంటాయి. చీలాలి కూడా. దేవరకొండ లాంటి కోటను ఎదురుగా పెట్టి, ఐదుగురూ ఒకే మెట్ల మీద వరసగా ఎక్కండి అంటే అది కోటను అవమానించినట్టే. కోట అంటేనే రెండు మూడు దారులు. ఒకరు ఇక్కడ కనబడాలి, ఇంకొకరు అక్కడ కనబడకుండా పోవాలి. పైగా ఒక్కో పాత్ర ఒక్కో పనికి పుట్టింది. దొంగ పాత్ర తీసుకున్న చెల్లె ఇనుప కవచం వేసుకున్న బావ వెనక చప్పుడు చేసుకుంటూ నడిస్తే, ఆమె ఆ పాత్ర ఎందుకు తీసుకున్నట్టు? ఆటగాళ్లు తమ బుద్ధితో విడిపోవాలని నిర్ణయించుకున్నప్పుడు దాన్ని అడ్డుకునే జీఎం ఆ బుద్ధినే అడ్డుకుంటున్నాడు.

మరి ఆ ఆదివారం చెడిపోయింది ఏమిటి? ఇంటికి వచ్చాక కాగితం మీద లెక్క వేసుకున్నాను. ఈ ఆటలో యుద్ధంలో ఒక రౌండ్ అంటే, అందరి వంతూ ఒకసారి అయ్యేంత సేపు అంటే, కథలో సుమారు ఆరు సెకన్లు. (1970ల చివర్లో వచ్చిన అడ్వాన్స్‌డ్ ఎడిషన్‌లో రౌండ్ అంటే నిమిషం. ఇప్పుడు ఆరు సెకన్లే.) దర్వాజ దగ్గర ముగ్గురు ఆటగాళ్లు, ఎనిమిది మంది కావలివాళ్లు. ఒక్కో ఆటగాడికి రెండు నిమిషాలు, నా ఎనిమిది మందికి కలిపి ఆరు నిమిషాలు. అంటే రౌండుకు పన్నెండు నిమిషాలు. నాలుగు రౌండ్లు నడిచింది. కథలో గడిచింది ఇరవై నాలుగు సెకన్లు. మా గదిలో గడిచింది దాదాపు యాభై నిమిషాలు. ఆ ఇరవై నాలుగు సెకన్లలో బావిలోకి దిగుతున్న ఇద్దరు కూడా ఏదో చేస్తూనే ఉండాలి కదా. తాడు పట్టుకుని జారుతూ, పాచి పట్టిన మెట్టు మీద కాలు పెడుతూ, తాళం తడుముతూ. వాళ్ల ఇరవై నాలుగు సెకన్లు నేను వాళ్లకు ఇవ్వలేదు.

నా వాదన ఇక్కడే ఉంది. జట్టు చీలినా ఏమీ కాదు, కాలం చీలితేనే ఆట చెడుతుంది. దర్వాజ దగ్గర ఒక గడియారం నడిచి, బావి దగ్గరి గడియారం ఆగిపోయింది. రామగిరి నుంచి వచ్చినా, ప్రకాశం బజార్ నుంచి వచ్చినా మన నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర టైం ఒక్కటే. ఆటలోనూ అంతే ఉండాలి.

ఇది ఎట్లా చేయాలో నాకు ఏ రూల్ బుక్కూ నేర్పలేదు. గుర్తు చేసుకుంటే మా నాయనమ్మ నేర్పింది. రాత్రి గడంచలో పడుకోబెట్టి పద్మవ్యూహం కథ చెప్పేది. కురుక్షేత్రంలో పదమూడో రోజు. సంశప్తకులు, అంటే చావోరేవో అని ఒట్టేసుకున్న కౌరవపక్షం వీరులు, అర్జునుణ్ణి యుద్ధానికి పిలిచి దక్షిణం దిక్కుకు గుంజుకుపోయారు. ఇటు ద్రోణుడు వ్యూహం పన్నాడు. అభిమన్యుడు లోపలికి దూసుకుపోయాడు. వెనకే వస్తామన్న భీముణ్ణీ ధర్మరాజునూ సైంధవుడు వరబలంతో మొగదల్లోనే ఆపేశాడు. చూడండి, ఒకే పగటిపూట ఒకే జట్టు మూడు ముక్కలైంది, మూడు చోట్లా పోరు నడుస్తోంది. నాయనమ్మ ఒక చోటి కథ మొత్తం చెప్పి ఇంకో చోటికి పోయేది కాదు. అభిమన్యుడి విల్లు విరిగేదాకా చెప్పి, "అది అట్లుండనీ, అక్కడ భీముడేం జేస్తున్నడు..." అనేది. భీముడు గద ఎత్తి సైంధవుడి మీదికి ఉరికేదాకా చెప్పి, "అది అట్లుండనీ, అక్కడ అర్జునుడు..." అనేది. మేం ముగ్గురి కోసం ఒకేసారి ఊపిరి బిగబట్టేవాళ్లం. ఒకరి కథ నడుస్తుంటే ఇంకొకరు ఆగిపోయారని మాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

ఇప్పుడు మా ఆటలో నేను చేసేది ఇది. ఎవరు కత్తి దూసినా, దూయకపోయినా, ఎక్కడో ఒకచోట యుద్ధం మొదలైతే ఐదుగురూ ఇనిషియేటివ్ వేస్తారు. బావిలో దిగుతున్నవాళ్లు కూడా. పేర్లు బట్టల క్లిప్పుల మీద రాసి ఒక అట్ట అంచుకు వరసగా పెడతాను. దర్వాజ వాళ్లవి ఎర్ర క్లిప్పులు, బావి వాళ్లవి నీలం. కావలివాళ్లకూ ఒక క్లిప్పు. టేబుల్ మీద అందరికీ కనబడుతుంది కాబట్టి తన వంతు ఎప్పుడొస్తుందో ఎవరూ అడగాల్సిన పని లేదు. యుద్ధంలో లేనివాళ్లకు కూడా ఆరు సెకన్లలో ఒక పని దొరుకుతుంది: తాళం తిప్పడం, తలుపుకు చెవి ఆనించడం, ముప్పై అడుగులు నడవడం. పని చిన్నదైనా వంతు వంతే.

మొదట్లో వరస తప్పకుండా ఒక్కొక్కరి వంతుకూ చోటు మార్చాను. బావ దర్వాజ దగ్గర, తర్వాత చెల్లె బావిలో, తర్వాత తమ్ముడు దర్వాజ దగ్గర. అది కుదరలేదు. రెండు నిమిషాలకొకసారి చోటు మారితే వినేవాళ్లకు తల తిరుగుతుంది, ఏ చోటా మనసు నిలవదు. ఇప్పుడు ఒక రౌండ్‌లో ఒక చోటివాళ్లందరినీ కలిపి నడిపి, అదే రౌండ్‌లో రెండో చోటికి పోతున్నాను. రెండు చోట్లకూ సంబంధం లేనంతసేపు దీనివల్ల ఎవరికీ అన్యాయం జరగదు, ఎందుకంటే దర్వాజ దగ్గర ఎవరు ముందు కొట్టినా బావిలో ఏమీ మారదు. కానీ ఒక చోటి పని ఇంకో చోటికి తగిలిన క్షణం నుంచి, అంటే ఎవరో గంట మోగించినా, ఒక చోటి బాణం ఇంకో చోటికి అందినా, క్లిప్పుల వరసకు ఖచ్చితంగా తిరిగి రావాలి. ఈ ఒక్క తేడా పట్టుకోవడానికి నాకు నాలుగైదు ఆదివారాలు పట్టింది.

చోటు ఎక్కడ మార్చాలనేది ఇంకో పెద్ద విషయం. నాయనమ్మ విల్లు విరిగినచోట ఆపేది, అభిమన్యుడు ఊపిరి పీల్చుకున్నచోట కాదు. నేనొక స్టీలు గ్లాసు పెట్టుకున్నాను. రౌండ్‌లో ఆ చోట ఆఖరి వంతు ముఖ్యమైనదైతే, ఆటగాడు డైస్ వేసి, ఎంత పడిందో చూడకుండా గ్లాసు బోర్లిస్తాడు. "అది అట్లుండనీ" అని రెండో చోటికి పోతాను. గ్లాసు టేబుల్ మధ్యలో ఉంటుంది. అందరికీ దాని మీదే కన్ను. మొదటి చోటివాళ్లకు ఇప్పుడు ఖాళీ సమయం లేదు, టెన్షన్ ఉంది. రెండో చోటివాళ్లు కూడా తమ వంతు ఆడుతూనే ఆ గ్లాసు గురించి ఆలోచిస్తుంటారు. ఫోన్లు జేబుల్లోంచి బయటికి రావడం తగ్గిపోయింది.

విడిపోయినవాళ్ల మధ్య ఏదో ఒక దారం ఉండాలి. దానికి చప్పుడును మించింది నాకు కనబడలేదు. పద్నాలుగో రోజు కథ గుర్తు చేసుకోండి. సైంధవుణ్ణి పొద్దుగూకే లోపల చంపుతానని శపథం చేసి అర్జునుడు కౌరవసేన లోపలికి పోయాడు. దూరం నుంచి ధర్మరాజుకు పాంచజన్యం మోత వినబడింది, గాండీవం మోత వినబడలేదు. ప్రాణం కొట్టుకుపోయి సాత్యకిని పంపాడు. ఆగలేక భీముణ్ణీ పంపాడు. అర్జునుణ్ణి చూడగానే సింహనాదం చెయ్యమని భీముడికి చెప్పాడు. ఆ నాదం వినబడ్డాకే ఆయన మనసు కుదుటపడింది. ఒక శంఖం మోగడం, ఒక విల్లు మోగకపోవడం. ఆ రెండింటితోనే యుద్ధభూమి ఆ కొసా ఈ కొసా కలిశాయి. మా ఆటలోనూ దర్వాజ దగ్గర ఏనుగు కొట్టినట్టు తలుపు అదిరితే, తర్వాత బావిలో వాళ్ల వంతు రాగానే "పైనుంచి మన్ను రాలి నీళ్లలో పడింది" అని మొదలుపెడతాను. బావిలో కమ్మరి సంకెళ్లు తెగితే ఆ ఇనుప చప్పుడు ఒక కావలివాడి చెవిన పడుతుంది. వాడు దర్వాజ వదిలి వెనక్కు ఉరుకుతాడు. ఇప్పుడు శత్రువు జట్టు కూడా చీలింది. లాంచెస్టర్ లెక్క వాళ్లకూ వర్తిస్తుంది.

దూరాన్ని నేను అంకెల్లో చెప్పేస్తాను. మామూలు పాత్ర ఒక రౌండ్‌లో ముప్పై అడుగులు నడుస్తుంది, ఇంకేమీ చేయకుండా ఉరికితే అరవై. "దర్వాజ నుంచి బావి నూట ఎనభై అడుగులు, ఉరికితే మూడు రౌండ్లు" అని యుద్ధం మొదలవకముందే చెప్తాను. "చాలా దూరం" అంటే ఆటగాడు ఏ నిర్ణయమూ తీసుకోలేడు. మూడు రౌండ్లు అంటే తీసుకుంటాడు. సాయం చేయాలా, నమ్మి వదిలేయాలా అన్న ప్రశ్న అప్పుడే పదునెక్కుతుంది.

జట్టు చీలితే శత్రువుల సంఖ్యను చాటుగా తగ్గించేయమని కొందరు జీఎంలు సలహా ఇస్తారు. నాకు అది నచ్చదు. నలుగురు గాబ్లిన్లు ఉన్నచోట ఆటగాళ్లు ఇద్దరే వచ్చారని ఇద్దరు గాబ్లిన్లను మాయం చేస్తే, విడిపోవడమనే నిర్ణయానికి బరువు లేకుండా పోతుంది. మావాళ్లు అంత ఆలోచించి పన్నిన ఉపాయానికి నేనిచ్చే విలువ అదా? దానికి బదులు ముందే నిజం చెప్పడం నా బాధ్యత. విడిపోతున్నప్పుడు ఒకటే అడుగుతాను: "లోపలికి పోవుడు తెలుసు. బయటికి వచ్చే తొవ్వ తెలుసా?" అభిమన్యుడికి తెలియదని అందరికీ తెలుసు. తెలిసే పంపారు. చిన్నప్పటి నుంచి నాకు ఆ కథలో కోపం వచ్చేది కౌరవుల మీద కన్నా ఆ పెద్దల మీదే. నా టేబుల్ దగ్గర ఎవరినీ అట్లా పంపను. దారి తెలియదంటే, తెలుసుకునే వీలు కల్పిస్తాను. తెలిసీ పోతామంటే గాబ్లిన్లు నలుగురే ఉంటారు.

ఒక చోటి సంగతి ఇంకో చోటివాళ్లు వినకూడదని సగం మందిని పక్క గదికి పంపేవాళ్లూ ఉన్నారు. మేం పంపం. పాత్రకు తెలియనిది ఆటగాడికి తెలిస్తే వచ్చే నష్టం చిన్నది. ఆరుగురూ ఒకే కథ వినకపోతే వచ్చే నష్టం పెద్దది. ఇక ఒక చోట నిజంగానే పని ఏమీ లేకపోతే, పాత్ర స్పృహ తప్పి పడిపోతేనో, గొలుసులతో కట్టేస్తేనో, ఆ ఆటగాడి చేతికి ఒక శత్రువును ఇస్తాను. మా బావ ఒకసారి అట్లా కావలి జమేదారుగా ఆడి సొంత జట్టును ముప్పుతిప్పలు పెట్టాడు. ఆ జమేదారు పేరు మావాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

మూడు చోట్లకు చీలితే మాత్రం నాకు ఇంకా చేతకాదు. రెండు చోట్లను చేతుల్లో పట్టుకోగలుగుతున్నాను, మూడోది జారిపోతోంది. నాయనమ్మ మూడింటినీ ఎట్లా పట్టుకుందో ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

ఆ ఆదివారం తర్వాత నేను చెల్లెకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఆమె వస్తుందో రాదో అనుకున్నా, రెండు వారాలకు వచ్చింది. మొన్న జరిగిన ఆట చెప్తాను. మళ్లీ కోటే. అక్క, బావ, అన్న గోడ మీద. చెల్లె, తమ్ముడు కింద ధాన్యం కొట్టంలో. చెల్లె పాత్ర దెబ్బ తిని పడిపోయింది. ఐదో ఎడిషన్‌లో అట్లా పడిపోయినవాళ్లు ప్రతి వంతుకూ డైస్ వేయాలి. పది, ఆపైన పడితే గెలుపు. మూడు గెలుపులైతే ప్రాణం నిలబడుతుంది, మూడు ఓటములైతే చావు. చెల్లెకు అప్పటికే రెండు ఓటములు. వైద్యం తెలిసింది అక్క పాత్రకే. ఆ మంత్రం అరవై అడుగుల దాకా అందుతుంది, మనిషి కనబడాలి. గోడ నుంచి కొట్టం నూట ఎనభై అడుగులు. రెండు రౌండ్లు ఉరికితే రెండో రౌండ్‌లోనే మంత్రం అందుతుంది.

చెల్లె డైస్ వేసి గ్లాసు బోర్లించింది. అది అట్లుండనీ అని గోడ మీదికి పోయాను. అక్క తన ముందున్న కావలివాడికి వీపు చూపి మెట్ల మీద ఉరికింది. వాడు వెనక నుంచి ఒక దెబ్బ వేశాడు, తగిలింది. బావ తన వంతులో ఇంకేమీ చేయకుండా మెట్ల మొగదల్లో అడ్డం నిలబడ్డాడు. అన్న కిందికి వంగి "పాపా, ఉన్నవా?" అని కేకేశాడు. పాత్రగా కేకేశాడో, అన్నగానో నాకు తెలియదు. కొట్టంలో తమ్ముడి వంతు వచ్చింది. తను చేయగలిగిందంతా చేశాడు. అందరూ టేబుల్ మీదికి వంగారు.

చెల్లె గ్లాసు ఎత్తింది. పద్నాలుగు.

"అక్కా, ఉరుకు. ఇంకొక్క రౌండే."